పైప్‌లైన్ ఆపింది రాక్‌ఫెల్లర్ డబ్బా, నెబ్రాస్కా రైతా?

కెనడాలోని కాల్గరీలో ఉండే మా బావమరిది ఆయిల్ కంపెనీలో ఐటీ ఉద్యోగం చేస్తాడు, రెండు మూడు నెలలకోసారి నాకు ఒకే రకం ఫార్వర్డ్ పంపిస్తాడు. అమెరికా ఫౌండేషన్లు డబ్బులు పోసి కెనడా పైప్‌లైన్లు ఆపించేశాయి, ఆయిల్ మీద బతికే అల్బర్టా రాష్ట్రం కడుపు కొట్టాయి, పర్యావరణం గిర్యావరణం ఏం లేదు అంతా పెయిడ్ బ్యాచే అని. నేను ప్రతిసారీ ఒకటే అడుగుతా, స్టీవ్ అలన్ రిపోర్ట్ చదివావా బావా అని. బ్లూ టిక్ పడుద్ది, రిప్లై రాదు.

చదివితే ఆ ఫార్వర్డ్ పంపలేడు మరి. 2019లో జేసన్ కెన్నీ గెలిచి అల్బర్టా ముఖ్యమంత్రి కాగానే అక్కడి ప్రభుత్వం స్టీవ్ అలన్‌తో చేయించిన పబ్లిక్ ఎంక్వైరీ అది. అంతకుముందే వివియన్ క్రాస్ అనే రీసెర్చర్ ఏళ్ల తరబడి అమెరికా ఫౌండేషన్ల టాక్స్ ఫారాలు తిరగేసి రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్, టైడ్స్ ఫౌండేషన్ లాంటివాటి నుంచి ఎవరికెంత వెళ్ళిందో లెక్కలు తీసింది, కెన్నీ దాన్నే ఎలక్షన్ సరుకు చేసుకున్నాడు. ఎంక్వైరీకి ముందు 25 లక్షల డాలర్లు అనుకున్నారు, తర్వాత 35 లక్షలు చేశారు, గడువు మీద గడువు పొడిగించుకుంటూ పోయారు, చివరికి 2021 అక్టోబర్లో రిపోర్ట్ బయటికొచ్చింది. తేలిందేంటంటే 2003 నుంచి 2019 దాకా అల్బర్టా ఆయిల్‌కి వ్యతిరేకంగా అని లెక్క తేలిన విదేశీ గ్రాంట్లు 5.41 కోట్ల కెనడా డాలర్లు, అంటే ఏడాదికి సుమారు 34 లక్షలు. మళ్ళీ చదవండి. ఏడాది పొడుగునా ఉద్యమాలకి వచ్చిన డబ్బు 34 లక్షలు, ఆ డబ్బు వెతకడానికి పెట్టిన ఖర్చు 35 లక్షలు! కొండను తవ్వి ఎలుకను పట్టారు అనుకుంటే, పట్టింది దొంగ ఎలుక కూడా కాదని అలనే రాసిచ్చాడు, ఎవరూ చట్టాన్ని మీరలేదు, తమకున్న మాట్లాడే హక్కు వాడుకున్నారు అని. 128 కోట్లు అని హెడ్‌లైన్లలో తిరిగిన అంకె ఇంకోటుంది, అది కెనడాలో పర్యావరణం పేరుతో జరిగిన రకరకాల పనులన్నిటికీ కలిపి వచ్చిన విదేశీ డబ్బు. ఫార్వర్డుల్లో మాత్రం మొత్తం పైప్‌లైన్ల ఖాతాలోనే రాసేస్తారు.

ఇక విదేశీ అనే మాట సంగతి చూద్దాం, నాకు అసలు మజా అక్కడే ఉంది. 2012 జనవరిలో కెనడా సహజ వనరుల మంత్రి జో ఆలివర్ ఒక బహిరంగ లేఖ రాశాడు, అల్బర్టా నూనెని పసిఫిక్ తీరానికి తీసుకెళ్ళాల్సిన నార్తర్న్ గేట్‌వే పైప్‌లైన్ మీద విచారణ మొదలయ్యే ముందు రోజే, విదేశీ డబ్బు తీసుకునే రాడికల్ గ్రూపులు మన ప్రాజెక్టులకి అడ్డం పడుతున్నాయి అని. అదే 2012 డిసెంబర్లో అదే ప్రభుత్వం చైనా సర్కారు కంపెనీ సీనూక్ వచ్చి ఆయిల్ సాండ్స్‌లో, అంటే అల్బర్టాలో నూనె తీసే ఇసుక నిక్షేపాల్లో, వాటాలున్న కెనడా కంపెనీ నెక్సెన్‌ని 1,510 కోట్ల డాలర్లకి కొనుక్కుంటానంటే సరే అని సంతకం పెట్టింది. వేల కోట్లతో బీజింగ్ నుంచి వస్తే పెట్టుబడి, లక్షల్లో న్యూయార్క్ నుంచి వస్తే కుట్ర!

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఇంకా విచిత్రం. కీస్టోన్ ఎక్స్ఎల్ అంటే అల్బర్టా నుంచి రోజుకి 8.3 లక్షల బ్యారెళ్ళు దక్షిణానికి పంపే గొట్టం, సుమారు 1,900 కిలోమీటర్లు. దాన్ని అడ్డుకున్నవాళ్ళలో ఎక్కువ చర్చ జరిగింది స్టూడెంట్ల గురించి, హాలీవుడ్ వాళ్ళ గురించి, కానీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది పశువులు మేపుకునే రాంచర్లు, వాళ్ళలో చాలామంది రిపబ్లికన్లకి ఓటేసేవాళ్ళే. కింద ఒగల్లాలా భూగర్భ జలం ఉంది, పొలానికీ ఇంటికీ ఆ నీళ్ళే దిక్కు, పైన సాండ్ హిల్స్ ఇసుక నేల, నూనె కారితే ఇంకిపోవడానికి ఎంతసేపు? ఒప్పుకోకపోతే ఎమినెంట్ డొమైన్ కింద, అంటే మన భూసేకరణ లాంటిదే, భూమి లాక్కుంటామన్నారు. ఎవరి కోసం? ఒక కెనడా కంపెనీ కోసం. నెబ్రాస్కా రైతు వైపు నుంచి చూస్తే ఇక్కడ విదేశీ హస్తం ఎవరిదో మీరే చెప్పండి. ఆ కంపెనీ టీసీ ఎనర్జీ, 2021లో ఆ పైప్‌లైన్ పర్మిట్‌ని బైడెన్ రద్దు చేశాక, 1,500 కోట్ల డాలర్లు కట్టమని అమెరికా ప్రభుత్వం మీద కేసేసింది, 2024లో ట్రిబ్యునల్ కొట్టేసింది అనుకోండి. అల్బర్టా జనం డబ్బు 130 కోట్ల డాలర్లు కూడా అందులో పోయింది, 2020లో పర్మిట్ నిలబడుతుందో లేదో తెలియకుండానే కెన్నీ తీసుకెళ్ళి అందులో పెట్టాడు కాబట్టి. ఎంక్వైరీ వేయాల్సింది దాని మీద కదా.

అల్బర్టా నూనెని పసిఫిక్ తీరానికి మోసే ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ విస్తరణ సంగతీ అంతే. 2018 ఆగస్టు 30న ఫెడరల్ అప్పీల్ కోర్టు దాని అనుమతి కొట్టేసింది, ఆదివాసీ తెగలతో సరిగ్గా సంప్రదించలేదు, ట్యాంకర్ల వల్ల సముద్రానికి ఏమవుతుందో చూడలేదు అని. అదే రోజు, గంట తిరక్కుండా, దాని యజమాని కిండర్ మోర్గన్ కంపెనీ వాటాదారులు ఆ పైప్‌లైన్‌ని 450 కోట్ల డాలర్లకి ట్రూడో ప్రభుత్వానికి అమ్మడానికి ఓటేశారు. 2024 మేలో అది మొదలయ్యేసరికి విస్తరణ ఖర్చు సుమారు 3,400 కోట్ల డాలర్లు అయ్యింది. ఆపింది జడ్జీలు, కొన్నది ప్రభుత్వం, తిట్లు మాత్రం టైడ్స్ ఫౌండేషన్‌కి.

అసలు జనానికి భయం ఎక్కడి నుంచి వచ్చింది, ఫౌండేషన్ బ్రోచర్ చూసా? 2010 జూలైలో అమెరికాలోని మిషిగన్‌లో కెనడా కంపెనీ ఎన్‌బ్రిడ్జ్ వాళ్ళ పైపు పగిలింది. ఎడ్మంటన్ కంట్రోల్ రూంలో అలారాలు మోగుతూనే ఉన్నాయి, లైన్లో ఖాళీ ఏర్పడి ఉంటుందిలే అనుకుని ప్రెషర్ పెంచి మళ్ళీ పంపింగ్ మొదలుపెట్టారు, ఒకసారి కాదు రెండు సార్లు. అలా 17 గంటలు. చివరికి నూనె కారుతోందయ్యా అని ఫోన్ చేసింది కూడా వాళ్ళ మనిషి కాదు, వేరే గ్యాస్ కంపెనీ ఉద్యోగి. ఆయిల్ సాండ్స్ నుంచి తీసే ఆ చిక్కటి నూనె, బిటుమెన్, తేలకుండా కలమజూ నది అడుగుకి దిగిపోయింది, తీయడానికి 100 కోట్ల డాలర్ల పైనే అయ్యింది. ఇది చదివినప్పుడల్లా నాకు మన కోనసీమలోని నగరం అనే ఊరు గుర్తొస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైప్‌లైన్ లీకై మంటలు ఊరి మీద పడ్డాయి, 20 మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు నిలువునా మాడి మొండాలు మిగిలాయి. వాసనొస్తోందని ముందే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదని ఊరివాళ్ళు మొత్తుకున్నారు. ఆ ఊరోళ్ళకి పైపంటే భయం నేర్పడానికి ఏ రాక్‌ఫెల్లర్ గ్రాంటూ అక్కర్లేకపోయింది.

అవతలివాళ్ళ వాదనలో ఒక్క పాయింట్ గట్టిది, ఒప్పుకుంటా. కెనడా ఆయిల్‌ని సముద్రం దాకా పోనీకుండా బిగించేశారు, ఆ టైంలోనే అమెరికా మాత్రం రాతి పొరల్లోంచి తీసే షేల్ ఆయిల్ రెట్టింపుకి పైగా తీసుకుంది, మరి ఈ ఫౌండేషన్లు టెక్సాస్‌కి ఎందుకు పోలేదు అని క్రాస్ అడుగుతుంది. 2018 చివర్లో అల్బర్టా నూనె అమెరికా నూనె కన్నా బ్యారెల్‌కి 40 డాలర్లకి పైగా తక్కువకి అమ్ముడుపోయింది, మా బావమరిది ఆఫీసులో సగం ఫ్లోర్ ఖాళీ అయ్యింది, ఆ బాధ నిజమే. కానీ 2016లో అమెరికా ఆదివాసీల ప్రాంతం స్టాండింగ్ రాక్ దగ్గర, గడ్డకట్టే చలిలో టెంట్లు వేసుకుని, నీళ్ళ ఫిరంగులు ఎదుర్కొని వేలమంది ఆపాలని చూసిన డకోటా యాక్సెస్ ఎవరిది? నార్త్ డకోటా షేల్ ఆయిల్‌ని ఇల్లినాయ్‌కి తీసుకెళ్ళే పక్కా అమెరికా పైప్‌లైన్. కెనడా ఒక్కదాని మీదే పగబట్టారు అనే థియరీ అక్కడ పగిలిపోయింది. (రాక్‌ఫెల్లర్ డబ్బు పుట్టిందే స్టాండర్డ్ ఆయిల్‌లో అని ఎగతాళి చేస్తారు, నిజమే, తాత నూనెతో సంపాదించింది మనవళ్ళు నూనె మీద పోరాటానికి ఇస్తున్నారు, అంతకన్నా మంచి ఖర్చు ఏముంటుంది?)

ఇంకో సంగతి, క్రాస్‌కి ఆ లెక్కలు ఎలా దొరికాయి? ఫౌండేషన్లు ఎవరికి ఎంత ఇచ్చాయో టాక్స్ ఫారంలో రాసి తీరాలి, అది ఎవరైనా చూడొచ్చు. దాచిన డబ్బయితే ఆమెకి దొరికేదే కాదు.

ఇక మన దేశానికి రండి. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం గొడవ వెనక అమెరికా ఎన్జీవోలు ఉన్నాయని 2012లో మన్మోహన్ సింగే అన్నాడు. 2014లో ఐబీ రిపోర్ట్ ఒకటి లీకైంది, ఎన్జీవోల వల్ల జీడీపీ ఏడాదికి 2 నుంచి 3 శాతం పోతోందని, అంటే ఆ లెక్కన వీళ్ళు లేకపోతే మనం ఈపాటికి చైనాని దాటేసేవాళ్ళం. 2015 జనవరిలో గ్రీన్‌పీస్‌లో పనిచేసే ప్రియా పిళ్ళైని ఢిల్లీ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కనివ్వలేదు, మహాన్ అడవిలో బొగ్గు గని గురించి బ్రిటిష్ ఎంపీలకి చెప్పడానికి పోతోందని. హైకోర్టు అది తప్పని మార్చిలో చెప్పింది, అయినా అదే ఏడాది గ్రీన్‌పీస్ రిజిస్ట్రేషన్ పీకేశారు. 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏని ఇంకా బిగించారు, విదేశీ డబ్బు ఢిల్లీలో ఒకే ఒక్క ఎస్‌బీఐ బ్రాంచిలోనే పడాలి, అందులో ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకి ఇవ్వడానికి వీల్లేదు.

మరి ఆ రూల్స్ రాసినవాళ్ళ సంగతి? 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్, బీజేపీ రెండూ బ్రిటన్‌లో నమోదైన వేదాంత గ్రూప్ కంపెనీల నుంచి చందాలు తీసుకుని ఇదే ఎఫ్‌సీఆర్ఏని ఉల్లంఘించాయని తేల్చింది, చర్య తీసుకోమంది. రిజిస్ట్రేషన్లు పీకారా, అకౌంట్లు ఆపారా? చట్టమే మార్చేశారు. 2016 ఫైనాన్స్ చట్టంలో విదేశీ అనే మాట అర్థం మార్చి 2010 నుంచి వర్తిస్తుందన్నారు, అంతకుముందు తీసుకున్న చందాలకి అది చాలదని గుర్తొచ్చి, 2018లో ఆ తేదీని ఏకంగా 1976 ఆగస్టు 5కి జరిపేశారు, అంటే ఎమర్జెన్సీలో ఈ చట్టం మొదటిసారి అమల్లోకి వచ్చిన రోజుకి. 42 ఏళ్ల విదేశీ చందాలు ఒక్క సవరణతో స్వదేశీ అయిపోయాయి. లోక్‌సభలో దాని మీద చర్చ కూడా జరగలేదు, గోలలో పాసయిపోయింది, ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ కూడా ఆ ఒక్క లైను గురించి పెద్దగా గొంతు చించుకున్నట్టు నాకైతే గుర్తులేదు.