జారుడు క్యాసెట్టు గారికి విన్నపం

మహారాజశ్రీ జారుడు క్యాసెట్టు గారి దివ్యసముఖమునకు,

బల్ల మీద పరచిన చిన్న రైలుమార్గం, అంటే మోడల్ రైల్వే లేఅవుట్ చివర, తెర వెనుక, రైళ్లు తమ వంతు వచ్చేదాకా దాగి ఉండే చోట, రైలును మోస్తూ లేఅవుట్ పట్టాకు ఎదురుగా జరిగే పలకగా తమరు కొలువై ఉంటారు. చూడవచ్చిన వారెవరికీ తమరి దర్శనభాగ్యం కలగదు. అయినప్పటికీ స్టేషను, వంతెన, సొరంగం కలిసి కోరనంత కచ్చితత్వాన్ని తమరొక్కరే కోరుతున్నారు. ప్లాట్‌ఫారం అంచు కాస్త వంకరపోతే అదొక అందమని సర్దిచెప్పవచ్చు గానీ, తమరి పట్టాకూ లేఅవుట్ పట్టాకూ మధ్య అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే చక్రం అంచు ఆ మెట్టును ఎక్కి పక్కకు దిగిపోతుంది.

తమరిని పిలిపించింది చోటు చాలకనే. రైళ్లను విడివిడిగా నిలపడానికి పాయింట్ల (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల) వరుస వేస్తే, ఆ పాయింట్లే బల్ల పొడవులో పెద్ద భాగాన్ని మింగివేస్తాయి. తమరైతే ఒక ప్లైవుడ్ పలక మీద రెండు అల్యూమినియం యాంగిళ్లను (L ఆకారపు కడ్డీలను) బిగించుకొని, పట్టాలూ పక్కగోడలూ విద్యుత్ వాహకాలూ అన్నీ అవేనని ప్రకటించుకుంటారు. మూడు శాఖలను ఒక్క మంత్రికే అప్పగించినప్పుడు ఏ శాఖ ముందు కుంటుపడుతుందో ఊహించడం కష్టం కాదు: అల్యూమినియానికి గాలి సోకగానే ఆక్సైడ్ పొర కడుతుంది గనుక మామూలు టంకం అంటదు, తీగ కొసకు రింగు తగిలించి మరతో బిగించవలసిందే.

ఇక తమరి అర మిల్లీమీటరు సంగతి. 1:76.2 నిష్పత్తిలో తయారయ్యే ఓఓ అనే తరగతి మోడల్ బళ్లు 16.5 మిల్లీమీటర్ల గేజ్ (పట్టాల మధ్య ఎడం) మీద నడుస్తాయి. నిజమైన రైళ్ల స్టాండర్డ్ గేజ్‌ను ఆ నిష్పత్తిలో కుదిస్తే 18.83 మిల్లీమీటర్లు రావాలి. రెండు మిల్లీమీటర్లకు పైబడిన ఈ లోటును దశాబ్దాలుగా చిరునవ్వుతో భరిస్తున్న అభిరుచిపరులు తమరి ముందు మాత్రం వెర్నియర్ కాలిపర్స్ పట్టుకొని మోకరిల్లుతున్నారు. పైగా మీటరు పొడవున్న అల్యూమినియం పది డిగ్రీల వేడికే సుమారు 0.23 మిల్లీమీటర్లు సాగుతుంది కాబట్టి, యాంగిల్‌ను లేఅవుట్ వైపు కొసన గట్టిగా బిగించి, మిగతా చోట్ల మరలకు పొడవాటి రంధ్రాలు ఉంచి, సాగుదల అవతలి కొసకు పోయేలా చూడాలి. ప్లైవుడ్‌కు బదులు ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన) పలక వాడితే దానికి తేమతో ఉబ్బే గుణం అదనం.

తమరు జారేది డ్రాయర్ ఛానెళ్ల మీద. అవి బరువు మోయడానికి పుట్టినవే తప్ప గురి చూపడానికి కాదు. వాటి అటూఇటూ ఊగులాటను నమ్ముకొని రైలును పంపడం సాహసమే అవుతుంది. అందుచేత గురి బాధ్యతను ఇత్తడి గొట్టంలో దూరే ఇత్తడి గడియకు అప్పగించడమైనది. రెండు ధ్రువాలకు రెండు గడియలు. విద్యుత్తు కూడా వాటి గుండానే వస్తుంది. తమరి దగ్గరకు వచ్చే పట్టాలో చివరి భాగానికి సైతం ఆ గడియల నుంచే సరఫరా ఇస్తే, తమరు సరిగా నిలవనంతవరకు ఇంజన్‌కు కరెంటే అందదు. అయితే ఫ్లైవీల్ (ఊపును నిలిపి ఉంచే బరువైన చక్రం) ఉన్న ఇంజన్లు కరెంటు పోయాక కూడా కొంత దూరం దొర్లుతాయి గనుక ఆ భాగం పొడవు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఇంత చక్కని ఏర్పాటును తమరి అహంకారానికి కళ్లెంగా గాక, గౌరవంగానే భావించగలరు.

చివరిగా ఒక్క షరతు. తమరిని ఛానెల్ నుంచి ఎత్తి, రైలును చేత్తో తాకకుండా ముఖం తిప్పవలసి వచ్చినప్పుడు, ఇరు కొసలా అడ్డుపలకలు దించుకొన్న తరువాతే కదలవలెను. తమరి కింద ఉన్నది సిమెంటు నేల.

ఇట్లు,
స్క్రూడ్రైవరు చేతబట్టిన విధేయుడు