ముందు వరుస పెద్దమనుషులకు బహిరంగ అభినందన

మన సంస్కృతికి ఎక్కడ ముప్పు వచ్చినా, ఆ ముప్పుకు అతి దగ్గరగా, వీలైతే మూడడుగుల దూరంలో, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే త్యాగధనులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల సేవను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు. కనీసం శాలువా కూడా కప్పలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా వరంగల్ చుట్టుపక్కల జాతరల కాలం. ఐనవోలు మల్లన్న, కొత్తకొండ వీరన్న, హోళీ వచ్చేసరికి కొమ్మాల నర్సింహస్వామి. పెద్ద జాతరలకు ఏ ఢోకా లేదు. శివసత్తుల పూనకాలు, ఒగ్గు పూజారులు రంగుల ముగ్గులతో వేసే పట్నాలు, బోనాలు, ప్రభబండ్లు ఉండనే ఉన్నాయి, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. చిక్కంతా చిన్న ఊరి జాతరతోనే. జనం రాకపోతే కొబ్బరికాయల దుకాణం వేలంపాట పలకదు. వేలం పలకకపోతే గుడికి సున్నం పడదు. అందుకని కమిటీ గంభీరంగా కూర్చుని, భక్తిని పెంపొందించే నిమిత్తం రికార్డింగ్ డ్యాన్స్ పార్టీకి అడ్వాన్సు పంపుతుంది. కరపత్రంలో అది ‘సాంస్కృతిక కార్యక్రమం’. ఫ్లెక్సీ మీద మాత్రం ‘జూనియర్ ఫలానా’ అని ఒక సినిమా హీరోయిన్ పేరు, దాని కింద కమిటీ సభ్యులందరి ఫొటోలు. ఆడబోయే అమ్మాయి ఫొటో ఉండదు. అసభ్యంగా ఉంటుందని.

కార్యక్రమం రాత్రి పదింటికని మైకులో చెప్తారు. ముందు వరుస ఏడింటికే నిండిపోతుంది. మాజీ సర్పంచ్, తాజా సర్పంచ్, రేపు మేమే అనుకుంటున్న మరో ముగ్గురు, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని నేరుగా ఇటే వచ్చిన పెద్ద రైతు, రిటైరైన సార్లు. అందరి మెడలోనూ మఫ్లర్లు. చలికని పైకి చెప్తారు గానీ, పక్కనుంచి ఎవడైనా వీడియో తీస్తున్నాడని తెలిస్తే కళ్లదాకా లాక్కోవడానికి అంతకన్నా అనువైన బట్ట లేదు. వీళ్లు పడే కష్టం చూడాలి. స్టేజీ ఎత్తు, కుర్చీ పొట్టి. అర్ధరాత్రి దాటేదాకా మెడ పైకెత్తి ఉంచాలి. పాట మొత్తం చూస్తే తప్ప అది అశ్లీలమా కాదా అన్నది తేలదు. ఒక్కసారికి తేలకపోతే మళ్లీ వేయిస్తారు. గిట్టనివాళ్లు దాన్ని వన్స్‌మోర్ అంటారు గానీ, అది పునఃపరిశీలన.

ఈ శ్రద్ధ మన ఓరుగల్లుకు వారసత్వంగా వచ్చింది. కాకతీయ గణపతిదేవుడి దగ్గర ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 1254 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గ పద్ధతికి, తక్కిన నాలుగూ దేశికి. అంటే శాస్త్రం ఒప్పుకున్న ఆటకు ఎంత చోటిచ్చాడో, జనం ఆడుకునే ఆటకూ అంతే ఇచ్చాడు. ఇవాళ అంత హోదాలో ఉన్న అధికారి ఎవరైనా పాదం ఎట్లా వేయాలి, నడుము ఎట్లా తిప్పాలి అని సగం పుస్తకం రాస్తే తెల్లారేసరికి పోస్టింగు లేకుండా వీఆర్‌లో ఉంటాడు.

పాలంపేట రామప్ప గుడి ఉండనే ఉంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. దాని చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు. ఒకామె ఒంటికి పాములు చుట్టుకుని ఉంటుంది. ఒకామె ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని ఉంటుంది. నగల విషయంలో శిల్పి చేతికి ఎముక లేదు, బట్టల విషయంలో మాత్రం బాగా పొదుపు చేశాడు. బడిపిల్లలను బస్సుల్లో తీసుకెళ్లి మరీ చూపిస్తాం, పక్కన నిలబడి సెల్ఫీ దిగుతాం. ఆ మదనికల మీద ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు లేదు. ఎనిమిది వందల ఏళ్లలో ఒక్కసారీ పేమెంటు అడగకపోవడమే అందుకు కారణమని నా అనుమానం.

కాకతీయుల నాటి ఓరుగల్లును కళ్లకు కట్టే పాత తెలుగు నాటకం ‘క్రీడాభిరామం’లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ మాచల్దేవి చిత్రశాల దగ్గరికి వస్తారు. ప్రతాపరుద్రుడి దగ్గర పలుకుబడి ఉన్న వేశ్య ఆమె. అదే ఓరుగల్లులో ఇవాళ డ్యాన్స్ పార్టీ అమ్మాయికి చిత్రశాల మాట దేవుడెరుగు, అద్దెగది దొరకడమే గగనం.

“ఏం పని చేస్తరమ్మా?”

“ఈవెంట్లు చేస్తం ఆంటీ.”

“అంటే?”

“స్టేజీ డెకరేషన్.”

అబద్ధమేమీ కాదు. ఆ స్టేజీ మీద అలంకారమంటూ ఉన్నది ఆమే.

ఇక తెర వెనక సంగతి. ముందు వరుసకు ఇది ఎన్నడూ కనిపించదు కాబట్టి వాళ్ల జ్ఞానార్థం కొంచెం వివరంగా రాస్తున్నాను. రెండు ట్రాక్టర్ ట్రాలీలు జోడించి చెక్కలు పరిస్తే స్టేజీ. దాని వెనక నాలుగు కర్రలు పాతి టార్పాలిన్ చుడితే మేకప్ రూమ్. జనరేటర్ పొగంతా అందులోకే. ఒక బల్బు, ఒక చేతి అద్దం. ఊరూరా ఆటలాడే చిందు భాగోతులు మొహానికి అర్దళమనే పసుపుపచ్చ రంగు పూసుకునేవాళ్లు, ఇప్పుడు ఫౌండేషన్ వచ్చింది, అద్దం పట్టుకోవడానికి పక్కనున్న మనిషి చెయ్యి మాత్రం అప్పుడూ ఇప్పుడూ కావాల్సిందే. మొదట ఒంటిరంగు బనియను, నిండు చేతులది. కాళ్లకు అదే రంగు మందపాటి మేజోళ్లు. పైన నిక్కరు. ఆ పైన తళుకుల జాకెట్టు, లంగా. ఎక్కడికక్కడ పిన్నీసులు. ఒక పాటకూ ఇంకో పాటకూ నడుమ మైకు పట్టుకున్నతను రెండు జోకులు వేసేలోపల ఇదంతా మారిపోవాలి, పిన్నీసు గుచ్చుకుంటే అరవకూడదు. చున్నీ అనేది కప్పుకోవడానికి కాదు, రెండో చరణంలో విసిరేయడానికి. విసిరిన చున్నీని సౌండ్ బాక్సుల పక్కన నిలబడ్డ పిల్లగాడు ఒడిసిపట్టి, మడతపెట్టి, తర్వాతి పాటకు మళ్లీ అందిస్తాడు. ఆ చున్నీ పడ్డాక కనిపించిన నడుము చూసే ముందు వరుసలో ఈలలు మోగేది. ఆ నడుము అచ్చంగా నైలాను. అశ్లీలం కింద కేసు పెట్టాల్సి వస్తే బనియన్ల కంపెనీ మీద పెట్టాలి.

టార్పాలిన్ మూలకు గోనెసంచుల మీద ఒకామె బిడ్డ పడుకుని ఉంటుంది. సౌండ్ బాక్సుల దరువుకు అలవాటుపడ్డ నిద్ర. పాట ఆగితేనే లేచి ఏడుస్తుంది.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది నవ్వు. ఆగకూడదు. చూపు మాత్రం ఎవరి మీదా ఆగకూడదు. ఆగిందంటే ఆ మనిషి అది తన కోసమేనని నిర్ధారించుకుని స్టేజీ ఎక్కుతాడు. మరి ఎటు చూస్తావమ్మా అంటే ఒకామె చెప్పిన మాట: “పెద్దమనుషుల నెత్తి మీదికెళ్లి ఎనుక కరెంటు స్తంభాన్ని చూస్త సార్. ఏ ఊరికి పోయినా ఒక స్తంభమైతే ఉంటది.” నర్సంపేట నుంచి జమ్మికుంట దాకా ఎన్ని ఊళ్లలో ఎందరు పెద్దమనుషులు ‘నా దిక్కే చూసింది’ అని ఇప్పటికీ చెప్పుకుంటున్నారో! విద్యుత్ శాఖవారు గర్వించాలి.

సముద్రాలవతల ఇదే వ్యాపారానికి బర్లెస్క్ అని పేరు. 1868లో లిడియా థాంప్సన్ అనే ఇంగ్లండు నటి తన ఆడవాళ్ల బృందంతో న్యూయార్క్‌లో దిగింది. పురాణకథలను ఎగతాళి చేస్తూ ఆటలు, మగవేషాలు ఆడవాళ్లు కట్టడం, కాళ్లకు బిగుతు మేజోళ్లు. అక్కడి పెద్దమనుషులూ ముందు వరుసలు నింపి, బయటికొచ్చి నీతులు చెప్పారు. షికాగోలో ఒక పత్రికా సంపాదకుడు ఆ బృందం శీలం గురించి అదేపనిగా రాస్తుంటే 1870లో లిడియా నడివీధిలో అతణ్ని కొరడా పెట్టి కొట్టింది. కోర్టు జరిమానా వేసింది, ఆటకు జనం ఇంకా పెరిగారు. అందుకే, ఆడేవాళ్ల గురించి రాసేటప్పుడు నేను కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటున్నాను. 1937లో న్యూయార్క్ నగరం బర్లెస్క్ హాళ్లకు లైసెన్సులు ఆపేసింది. ఆ ఆట చచ్చిందనుకున్నారు. 1990ల్లో మళ్లీ లేచింది. ఇప్పుడు మొగుడూ పెళ్లాలు టిక్కెట్టు కొనుక్కుని పక్కపక్కనే కూర్చుని చూస్తారట. ఈ ఒక్క మాటతో ఆ దేశం ఎంత దిగజారిందో మన ముందు వరుసకు అర్థమైపోతుంది.

మనకు చట్టం ఉంది. ఇదివరకు ఐపీసీ 294, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 296. బహిరంగంగా అశ్లీల చేష్టలు చేసి ఇతరులకు చిరాకు కలిగిస్తే మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కిటుకంతా ఆ ‘చిరాకు కలిగిస్తే’ దగ్గరుంది. చిరాకు పడ్డవాళ్లు లేకపోతే కేసు నిలవదు. ఆ బాధ్యత నెత్తినేసుకున్నది ముందు వరుసే. రేపు కోర్టులో ఇట్లా నడుస్తుందని నా ఊహ:

“మీకు చిరాకు కలిగిందా?”

“మస్తు కలిగింది సార్.”

“ఏ పాటకు?”

“అన్నిటికి.”

“మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు కదా?”

“చిరాకు పూర్తిగ కలగనియ్యాలె గద సార్.”

డబ్బుల మీద కూడా చట్టానికి ఒక అభిప్రాయం ఉంది. మహారాష్ట్ర డ్యాన్స్ బార్ల కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు టిప్పు ఇస్తే ఇవ్వొచ్చు గానీ నోట్లు చల్లడానికి వీల్లేదంది. మన జాతరల్లో చల్లడం, జాకెట్టుకు పిన్నుతో గుచ్చడం, దండగా వేయడం అన్నీ ఆచారమే. పది రూపాయల కట్ట తెచ్చుకుంటే వందసార్లు దాతృత్వం చూపొచ్చు. ఇదంతా ఎందుకని ఒక ఊళ్లో కుర్రాళ్లు తెలివిగా స్టేజీ ముందు ఫోన్‌పే స్కానర్ పెట్టారు, పక్కనే చదివింపులు చదివే డబ్బా. మొదటి దాత స్కాన్ చేయగానే ఆ డబ్బా ఊరంతా వినబడేలా “ఐదు వందల రూపాయలు అందాయి” అంది. అదే క్షణంలో ఆయన ఇంట్లో భార్య దగ్గరున్న ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ పోయింది. ముందు వరుస అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమై, డిజిటల్ లావాదేవీలు మన సంప్రదాయానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్మానించింది. స్కానర్‌ను పీకించారు. సంస్కృతి మళ్లీ నగదు మీదికొచ్చింది.

రాత్రి నడిచే తీరు అన్ని చోట్లా ఒకటే. మొదటి పాట గణపతికి, రెండోది ఊరి దేవుడికి. మూడు నాలుగు జానపదాలు. పదకొండు దాటాక వెనకనుంచి చిట్టీలు మొదలవుతాయి. “అన్నా, జర మాస్ పాట వెట్టుండ్రి.” చిట్టీ వెనక వరుస కుర్రాడి చేతిరాతలో ఉంటుంది, పంపింది ముందు వరుస. పన్నెండున్నరకు పోలీసు జీపు వస్తుంది. జీపు లైటు మలుపు దగ్గర కనబడగానే మాస్ పాట నడుము మీదనే ఆగిపోయి దేశభక్తి గీతం ఎత్తుకుంటుంది. చున్నీ మళ్లీ భుజాల మీదికొస్తుంది. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచి మైకు అందుకుని, ఆడపడుచులను గౌరవించే గడ్డ ఇది, ఇట్లాంటివి మా ఊళ్లో ఎన్నడూ జరగలేదు అని పది నిమిషాలు మాట్లాడతాడు. వేలికి ఇంకా పిన్నీసు ఉంటుంది.

కేసు పార్టీ మీద. కమిటీ మీద కాదు, వాళ్లు ‘సాంస్కృతిక కార్యక్రమం’ అనే కదా కరపత్రం వేసింది! మిగిలిన సగం పైసలు అడిగితే “పోలీసులొచ్చిరి, ఊరి పరువు పాయె, ఇంక పైసలెక్కడియి చెల్లే” అంటారు. బేరమాడేటప్పుడూ చెల్లెనే, ఎగ్గొట్టేటప్పుడూ చెల్లెనే. నడుమ ఆ మూడు గంటలూ ఏ వరస పెట్టి పిలిచారో ఇక్కడ రాయను. తెల్లారి కమిటీ సమావేశమై జాతరలో అశ్లీల నృత్యాలను తీవ్రంగా ఖండిస్తుంది. రెండో అంశం కింద వచ్చే ఏడాదికి అదే పార్టీని ఇప్పుడే మాట్లాడుకుంటే రేటు పెరగదని ఒక సభ్యుడు గుర్తుచేస్తాడు. అధ్యక్షులు ఫోన్ చేస్తారు.

ఈసారి పార్టీ నడిపే ఆమె షరతులు పెట్టింది. పైసలు మొత్తం ముందే ఇవ్వాలి. మేకప్‌కు టార్పాలిన్ కాదు, లోపల గడియ ఉన్న గది, పక్కన మరుగుదొడ్డి కావాలి. అన్నం ఆట కాకముందే పెట్టాలి. తిరుగుప్రయాణానికి బండి కమిటీదే. మూతులు విరిచారు గానీ, బడి గది తాళంచెవి అడుగుతామన్నారు, బండికి ఒప్పుకున్నారు, రేటుకూ ఒప్పుకున్నారు.

“ఇంకొకటున్నదన్నా. స్టేజీ మీదికి ఎన్ని లైట్లు పెడ్తరో, గన్నే లైట్లు ముందు వరుస కుర్చీల దిక్కు గూడ పెట్టుండ్రి. వీడియో మంచిగొస్తది.”

దీని మీద కమిటీ ఇప్పటికి మూడుసార్లు సమావేశమైంది. కోరం దొరకలేదు.