నల్లరాయి ఉంగరం గారికి

పార్టీల్లో పెద్దరాయితో మెరిసే, లక్ష్మీసమానురాలైన కాక్‌టెయిల్ ఉంగరం గారికి నమస్కరించి వ్రాయునది.

తమరు న్యూజెర్సీలో పోయినవారి ఇంటి సామాను అమ్మే ఒక ఎస్టేట్ సేల్ నుంచి మా ఇంటికి దయచేసింది మొదలు మాకు ఒకటే టెన్షన్. ఇంతకీ తమరెవరు?

వాలకం చూస్తే 1950ల నాటివారు. 1920లో మొదలై 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం నడిచినప్పుడు, చాటు బార్లలో గ్లాసు పట్టుకున్న చేతికి మెరుపుగా తమరి వంశం వెలిగిందని చెబుతారు. మందు అమ్మొద్దని చట్టం చెప్తుంటే, తాగే చెయ్యే పదిమందికీ కనబడాలట! తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో ప్లాటినం సైన్యం పనులకు వెళ్లిపోతే, తమవాళ్లు బంగారంతో సర్దుకున్నారు. ఇంత చరిత్ర ఉన్నవారు పేరు చెప్పడానికి మొహమాటపడటం ఏమిటి?

రాయి సంగతే తీసుకోండి. బల్ల మీద పెడితే కాటుక నలుపు. ఒనిక్స్ అనే నల్లరాయి అనుకున్నాం. ఆ నలుపు చాలావరకు పుట్టుకతో వచ్చేది కాదు. అగేటు రాయిని చక్కెర పాకంలో నానబెట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తే లోపలి చక్కెర మాడి నల్లబడుతుంది. తీరా వెనకనుంచి టార్చ్ కొడితే, ఒక మూల ముదురు నీలం తొంగిచూసింది. వీడియో కాల్‌లో ఆ నీలం చూసిన మా అత్తగారు, "నీలం అందరికీ పడదమ్మా, ముందు తలకింద పెట్టుకుని పడుకో" అన్నారు. తమరు గాజుముక్క అయితే శనిదేవుడి ముందు మా పరువేం కావాలి?

పాతవారు కాబట్టి జాతిరాయే అనుకోవడానికీ లేదు. 1902లోనే ఫ్రాన్స్‌లో వెర్నూయ్ అనే రసాయన శాస్త్రవేత్త పొడిని మంటలో కరిగించి కెంపులు చేసి చూపించాడు. నీలాలు కూడా త్వరలోనే ఆ దారి పట్టాయి. పది రెట్ల భూతద్దంలో వంపు గీతలు కనిపిస్తే మంటలో పుట్టినట్టు, గుండ్రటి బుడగలుంటే చాలావరకు గాజే. తమరు ఏవీ చూపించరు. పొదుగులో బిగుసుకుని ఉన్నారు కాబట్టి తూకానికీ దిగరు. కొలతలు తీసి బరువు ఊహించుకోవాలట.

లోపలి ముద్ర మరీ అన్యాయం. "14కె" దాకా ఉంది. దాని పక్కన జీఎఫ్ (గోల్డ్ ఫిల్డ్) అని ఉంటే బంగారం పైపొరే, తమరు మా చిలకలపూడి రోల్డ్ గోల్డుకు దూరపు చుట్టం. ఏమీ లేకపోతే వెయ్యికి దాదాపు 585 వంతులు బంగారం. ఎవరో సైజు మార్చినప్పుడు సరిగ్గా అక్కడే కోశారు!

ఇక ధర. పాత బంగారం కొనే అతను రాయిని చూడనైనా చూడలేదు, దాని బరువు తీసేసి లోహానికే లెక్క కట్టాడు. ఇన్సూరెన్స్‌కు రాసే ధర, పోతే మళ్లీ అలాంటిదే కొనడానికి అయ్యేది కాబట్టి ఆకాశంలో ఉంటుంది. ప్రీమియం కూడా దాని వెంటే ఎక్కుతుంది. అమ్మితే నిజంగా వచ్చేది మధ్యలో ఎక్కడో. మూడూ తమరి ధరలే, మూడూ నిజమే! వెలకట్టే అప్రైజర్ ఆ ధరలో శాతం అడిగితే దండం పెట్టి వచ్చేయాలి. పద్ధతి గలవారు గంటకింత అని తీసుకుంటారు. 1931లో పుట్టిన అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ వారి ల్యాబ్ ఇంకా పెద్దమనిషి. కులగోత్రాలు చెబుతుంది, కట్నం మాట మాత్రం ఎత్తదు.

నా విన్నపం ఒక్కటే. వేసవిలో ఇండియా వెళ్తున్నాం. అక్కడ కంసాలి తమరిని గీటురాయి మీద రుద్ది, "916 కాదమ్మా" అని పెదవి విరిచి, తరుగు తీసేసి, రాయిని కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెడతాడు. మద్యనిషేధం కథ వినే ఓపిక ఆయనకు ఉండదు. అందుకని ఈ లోపే ల్యాబ్‌లో నోరు విప్పండి. అంతవరకు ఇన్సూరెన్స్ ఫారంలో "రాయి, నలుపు" అని మాత్రమే రాస్తాను.

ఇట్లు,
తమరి ప్రస్తుత యజమానురాలు
(రసీదు ఉంది)