ఆ ఊరికి 40 నిమిషాలు చాలవు

మొన్న ఒక ఫ్రెండ్ తన యూరప్ ట్రిప్ ప్లాన్ పంపింది. పది రోజులు, ఐదు దేశాలు. ఫ్రాన్స్‌కి రెండే రోజులు, అవీ పారిస్‌లోనే. చూడగానే ప్రాణం ఉసూరుమంది. అప్పటినుంచి చెప్పాలనుకుంటున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను ఫ్రాన్స్ దక్షిణాన తులూజ్‌లో ఉంటాను. ఇక్కడినుంచి ఉత్తరంగా కారులో రెండు, రెండున్నర గంటలు వెళ్తే దోర్దోన్య నది లోయ వస్తుంది. ఆ నది ఒడ్డున లా రోక్ గజాక్ అనే ఊరుంది. జనాభా ఐదొందలు కూడా ఉండదు. వెనకాల నిటారుగా సున్నపురాయి కొండ, ముందు నది, మధ్యలో ఒక్క రోడ్డు. ఇళ్ళన్నీ కొండకి అతుక్కుని మెట్లు మెట్లుగా పైకి పోతాయి. గోడల రాయి తేనె రంగులో ఉంటుంది. సాయంత్రం ఎండ పడితే ఊరు ఊరంతా నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది.

మొదటిసారి అక్కడికి ఒక టూర్ బస్సులో వెళ్ళాను. 40 నిమిషాలు ఇచ్చారు. దిగడం, ఫోటోలు, బాత్రూమ్, ఐస్‌క్రీమ్, మళ్ళీ బస్సు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నీళ్ళ దగ్గరికి దిగబోతుంటే గైడ్ టైమ్ లేదని వెనక్కి పిలిచాడు. నీళ్ళు ఆవిడకి పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఆవిడ ఒక్క నిమిషం అలాగే నిలబడి, చెప్పులు వేసుకుని బస్సెక్కేసింది. తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. అంత దూరం తీసుకొచ్చి నదిని తాకనివ్వకపోతే ఇక ఏం చూపించినట్టు?

రెండోసారి అమ్మానాన్నలతో వెళ్ళాను. సెప్టెంబర్‌లో, నాలుగు రాత్రులు. మాది కొవ్వూరు. అమ్మ గోదాట్లోనే ఈత నేర్చుకుంది. కానీ 2019 సెప్టెంబర్‌లో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పదుల మంది చనిపోయారు కదా, ఆ వార్తలు చూసిన దగ్గర్నుంచి పడవంటే చాలు అమ్మకి గుండె దడ. కెనో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) అనగానే "నన్ను ఒడ్డున కూర్చోబెట్టి మీరెళ్ళండి" అంది. నేనూ బలవంతపెట్టలేదు.

మర్నాడు పొద్దున్న కెనోలు అద్దెకిచ్చే చోటికి ఊరికే చూద్దామని తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు మొదట అడిగింది ఈత వచ్చా అని. తర్వాత లైఫ్ జాకెట్ తెచ్చి, అమ్మ భుజాల దగ్గర పట్టీలు బిగించి, రెండు చేతులతో పైకి లాగి చూశాడు. కాస్త వదులుగా ఉందనిపించి విప్పి, ఇంకో సైజు తెచ్చి మళ్ళీ బిగించి లాగాడు. ఫోన్లు, పాస్‌పోర్టులు, పులిహోర బాక్సు అన్నీ మూత గట్టిగా తిరిగే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించాడు. అమ్మ ఇదంతా కళ్ళప్పగించి చూసింది. "అక్కడ కూడా ఎవరైనా ఇలా రెండుసార్లు లాగి చూసుంటే..." అని, నా వైపు చూడకుండా పడవలో కూర్చుంది.

సెనాక్ అనే ఊరి నుంచి కిందికి బేనాక్ అనే ఊరి దాకా సుమారు 9 కిలోమీటర్లు. అక్కడ నది మెల్లగా పోతుంది, తెడ్డు పెద్దగా వెయ్యక్కర్లేదు, ఆగుతూ పోతే మూడు గంటలు. చివర్లో వాళ్ళే వ్యాన్‌లో వెనక్కి తెచ్చి దింపుతారు. ముందు లా రోక్ గజాక్ వస్తుంది. రోడ్డు మీద నిలబడి చూస్తే ఆ ఊరు ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. నీళ్ళ మీద నుంచైతే కొండ, ఇళ్ళు, కొండ నడుముకి తొలిచిన పాత కోట అన్నీ ఒక్కసారే కళ్ళెదుట నిలుస్తాయి. ఆ కొండలో ఒకచోట పెచ్చు ఊడినట్టుంటుంది. 1957 జనవరిలో అక్కడినుంచే పెద్ద రాయి విరిగిపడి ఇళ్ళు కూలాయి, ముగ్గురు చనిపోయారు. ఆ కొండ కిందే ఈ రోజుకీ జనం కాపురాలు చేస్తున్నారు. అది తెలిశాక ఆ ఊరిని పోస్టుకార్డు బొమ్మలా చూడలేకపోయాను.

ఇంకాస్త ముందుకెళ్తే ఎడమ ఒడ్డున కాస్తెల్నో కోట, దాటగానే కుడి ఒడ్డున బేనాక్ కోట. నూరేళ్ళ యుద్ధంలో (1337 నుంచి 1453) కాస్తెల్నో చాలాకాలం ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉండేది, బేనాక్ ఫ్రెంచివాళ్ళది. నదే సరిహద్దు. ఒక కోట కిటికీలోంచి ఇంకో కోట కిటికీ కనిపించేంత దగ్గర. నేను స్కూల్లో ఆ యుద్ధం తేదీలు బట్టీ పట్టాను. ఆ రెండు కోటల మధ్య తెడ్డు ఆపి కూర్చున్నప్పుడే అది నిజంగా అర్థమైంది.

దారిలో ఒక గులకరాళ్ళ దిబ్బ దగ్గర పడవ లాగి పులిహోర తిన్నాం. అక్కడ షాపు లేదు, టికెట్ లేదు, పొమ్మనేవాళ్ళు లేరు. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దోసిట్లో నీళ్ళు తీసి తల మీద చల్లుకుంది. "ఏమే, కాళ్ళ కింద రాళ్ళు లెక్కపెట్టొచ్చే!" అని నాన్న కోసం చుట్టూ చూసింది. ఆయన అక్కడ లేరు.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కెనోలో కూర్చోలేరు. ఆయన కోసం మర్నాడు గబార్ ఎక్కాం. గబార్ అంటే అడుగు చదునుగా ఉండే పాతకాలం సరుకు పడవ. ఇప్పుడు అదే నమూనాలో చేసిన పడవల్లో గంటసేపు తిప్పుతారు. రైళ్ళు రాకముందు పై అడవుల నుంచి పీపాలు చేసే ఓక్ చెక్క, ద్రాక్షతోటలకి పాతే కర్రలు వీటిలోనే బోర్దో వైపు వెళ్ళేవి. పైకి వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేవి. బాగా ఎగువ నుంచి వచ్చిన పడవలని కింద విప్పేసి కట్టెలుగా అమ్మేసేవారట. అది వినగానే నాన్నకి ఊపొచ్చింది. భద్రాచలం అడవుల కలప తెప్పలుగా కట్టి రాజమండ్రి దాకా తెచ్చేవాళ్ళని వాళ్ళ నాన్న చెప్పిన కథలన్నీ ఆ గంటలో నాకు చెప్పారు. నేను పుట్టినప్పటినుంచి ఆయన నోట ఆ మాటలు వినలేదు. ఫ్రాన్స్‌లో ఒక పడవ మీద విన్నాను.

ఆ మర్నాడు మిలాంద్ కోట. జోసెఫిన్ బేకర్ ఇల్లది. అమెరికాలో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టి, పారిస్‌లో డాన్సర్‌గా పేరు తెచ్చుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసిన మనిషి. 1947లో ఈ కోట కొనుక్కుంది. వేరువేరు దేశాల నుంచి 12 మంది పిల్లల్ని దత్తత తీసుకుని ఇక్కడే పెంచింది. అప్పులపాలై కోట పోగొట్టుకుంది. చివరికి ఆ ఇంట్లోంచి ఆమెని వెళ్ళగొట్టారు. వంటింటి గుమ్మం మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆమె ఫోటో ముందు అమ్మ చాలాసేపు కదల్లేదు. అదే ఫ్రాన్స్ 2021లో ఆమెని పారిస్‌లోని పాంథియన్ స్మారక మందిరంలో మహనీయుల పక్కన చేర్చింది. బస్సు టూర్లో మాకు ఈ ఇంటి పేరు కూడా చెప్పలేదు.

మార్కేసాక్ తోట, కొండ మీది దొమ్ ఊరు కూడా బాగుంటాయి. ఓపికుంటే వెళ్ళండి. ఒక్కటే ఎంచుకోవాలంటే మార్కేసాక్‌కే నా ఓటు. నదికి 130 మీటర్ల ఎత్తున నిలబడితే, ముందురోజు తెడ్డు వేసుకుంటూ వచ్చిన దారంతా కింద మెలికలు తిరిగి కనిపిస్తుంది.

శాకాహారులకి ఒక మాట. ఇది బాతు మాంసం ప్రాంతం. దగ్గర్లోని సర్లా పట్టణం పేరుతో ఉండే బంగాళదుంపల వేపుడు చూసి ఆర్డర్ ఇచ్చేయకండి, దాన్ని బాతు కొవ్వులో వేపుతారు. అడిగి తెలుసుకోండి. బుధవారం, శనివారం సర్లాలో సంత ఉంటుంది. వాల్‌నట్లు వేసిన బ్రెడ్డు, మేక పాల చీజు, పళ్ళు కొనుక్కుంటే హాయిగా గడిచిపోతుంది. కారు మాత్రం ఉండాలి. జులై, ఆగస్టుల్లో పార్కింగ్ దొరకడం పెద్ద టెన్షన్, ఆ రెండు నెలలు వదిలేయండి.

ఖర్చు ఎక్కువని చాలామంది అంటారు. మా నాలుగు రోజుల్లో మర్చిపోలేనివన్నీ ఆ దిబ్బ దగ్గర, ఆ పడవల్లో జరిగాయి. దిబ్బకి పైసా కట్టలేదు. కెనోకి, గబార్‌కి కలిపి కట్టింది పారిస్‌లో ఒక్కరోజు ఖర్చు కంటే తక్కువ. పెద్దవాళ్ళని తీసుకొచ్చి రోజుకో నగరం చొప్పున పరిగెత్తించి, వాళ్ళు బస్సులో నిద్రపోతుంటే ఫోటోలు సర్దుకునే ట్రిప్పులు దయచేసి మానేయండి. వాళ్ళు మళ్ళీ మళ్ళీ ఇంత దూరం రాలేరు.

నిన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేసి గంట మాట్లాడాను. రెండు దేశాలు తీసేసి నాలుగు రోజులు ఇటు పెడతానంది. వాళ్ళ అత్తగారు కూడా వస్తున్నారు. జూన్‌లో, నేనే కారులో తీసుకెళ్తాను. ఆ మాట అమ్మకి చెప్తే, "ఆవిడ్ని ఆ రాళ్ళ దిబ్బ దగ్గర దింపవే, పడవలోంచే చూపించి తెచ్చేయకు" అంది.