సీతాఫలం పూత మీద లవంగ నూనె కొట్టమన్న పుణ్యాత్ములకు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు తొమ్మిదోసారి వచ్చింది. పైన మెరిసే ఆకుపచ్చ ఈగ ఫొటో, కింద ఇదీ సరుకు: "రైతులారా, ఇది ఆర్కిడ్ తేనెటీగ. సువాసనంటే ప్రాణం. నీలగిరి తైలం, లవంగ నూనె నీళ్లలో కలిపి సీతాఫలం పూత మీద కొడితే గుంపులుగా వచ్చి వాలుతుంది, కాపు రెట్టింపు. దీని తేనె బంగారంతో సమానం. ఇది లేకనే మన దగ్గర వెనిలా పండదు. కంపెనీలు దాచిన రహస్యం, పది మందికి పంపండి."

ఎనిమిది సార్లు నోరు మూసుకున్నాను. తొమ్మిదోది మా బావ పంపాడు. ఉత్తగా పంపితే ఊరుకునేవాణ్ణేమో, బాలానగర్ దగ్గర తన తోటలో నాలుగు సాళ్లకు కొట్టి మరీ పంపాడు.

చిల్లరవి ముందు తేల్చేస్తా. తేనె సంగతి: ఆ ఈగలు మన జుంటితేనె ఈగల్లా తుట్టె కట్టి తేనె దాచవు, కాబట్టి రేటు గురించి కొట్లాట అక్కర్లేదు. రహస్యం సంగతి: ఏ వాసనకు ఈ ఈగలు వస్తాయో డాడ్సన్, డ్రెస్లర్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు 1969లోనే 'సైన్స్' అనే పత్రికలో అచ్చేశారు. ఇంత బహిరంగంగా దాచిన కంపెనీలకు దండం పెట్టాలి.

ఇక ఈగ. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉన్న అడవులు దాని ఊరు, అక్కడ రెండు వందలకు పైగా జాతులున్నాయి. మన దేశంలో ఒక్కటీ లేదు. మన దగ్గర అలా పచ్చగా మెరిసేది తుమ్మ చెట్టు మీది బంగారు పురుగు, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకుపోయినదే. నువ్వు మన్ననూరు అడవిలో డ్రమ్ముల కొద్దీ నీలగిరి తైలం పోసినా మెక్సికో నుంచి ఎవరూ బస్సెక్కి రారు. వాళ్ల అడవిలో కూడా ఆ వాసనకు వచ్చేవి మగ ఈగలే. వచ్చేది తిండికి కాదు. ముందుకాళ్లతో ఆ వాసనను తుడిచి వెనక కాలిలోని సంచిలో నింపుకుంటాయి, ఒక పువ్వుదీ ఒక బెరడుదీ కలిపి ఎవరి అత్తరు వాళ్లు తయారు చేసుకుని, తర్వాత చెట్టు మొదలు దగ్గర ఎగురుతూ ఆడ ఈగ కోసం ఆ వాసన వదులుతాయి. పెళ్లి సంబంధాల తిరుగుడు అది. ఆర్కిడ్లనే పూల మొక్కలు కొన్ని ఇది కనిపెట్టి, తేనె చుక్క కూడా పెట్టకుండా వట్టి వాసన చూపించి, ఈగ వాలగానే వీపు మీద పుప్పొడి ముద్ద ఠప్పున కొట్టి అంటిస్తాయి. అత్తరు కోసం వచ్చినవాడు మన సీతాఫలానికి కూలి చేస్తాడని ఎలా అనుకున్నారో మరి.

అసలు మంట ఆ స్ప్రే గురించి. సీతాఫలం పువ్వు ఎప్పుడైనా విప్పి చూశారా? మూడు రెక్కలు, కొబ్బరి ముక్కంత మందం, గోటితో విడదీస్తే బాగా మాగిన పండు వాసన. ముందు ఆడదశ: రెక్కలు కొంచెమే తెరుచుకుంటాయి, ఆ సందులో తేనెటీగ తల కూడా పట్టదు. పట్టేది ఆవగింజంత పెంకుపురుగులకు. పండు వాసన అనుకుని దూరతాయి. తర్వాత అదే పువ్వు మగదశకు వచ్చి బాగా విచ్చుకుని పుప్పొడి రాలుస్తుంది, అప్పుడు పురుగులు ఒళ్లంతా పూసుకుని ఇంకో పువ్వు వెతుక్కుంటాయి. అంటే పువ్వు తన పురుగును తనే పిలుచుకుంటోంది. నువ్వు పోయి దాని మీద పంటి నొప్పి మందు వాసన కుమ్మరిస్తావా?

వాసనతో పోతే బాగుండు. లవంగ నూనె ఆకును కాల్చేస్తుంది, సేంద్రియ సాగు చేసేవాళ్లు విదేశాల్లో దాన్ని కలుపు మందుగానే వాడతారు. పైగా నూనె నీళ్లలో కలవదు కదా, పంపు అడుగు నుంచి ముందు నీళ్లు పోతాయి, పైన తేలిన నూనె చివరి చెట్లకు దక్కుతుంది. బావ తోటలో సరిగ్గా అదే జరిగింది. మొదటి సాలు బాగానే ఉంది, నాలుగో సాలులో పూత టీపొడి రంగుకు తిరిగి రాలిపోయింది. "పూత రాలుడు మామూలేరా, ఎండలకు అట్లనే అయితది" అన్నాడు ఫోన్లో. మరి ఎండ నాలుగో సాలు మీదనే కాసిందా బావా?

వెనిలా మాటలో మాత్రం కొంత నిజముంది. ఆ తీగ సొంతూరు మెక్సికో, అక్కడి తేనెటీగలు లేనిచోట కాయ పట్టదు. అయితే 1841లోనే రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు పుల్లతో, బొటనవేలితో పువ్వుకు పుప్పొడి అంటించి చూపించాడు, ఇప్పటికీ తోటల్లో చేసేది అదే. సీతాఫలానికీ చేతి పనే మేలు: బాగా విచ్చుకున్న పూల పుప్పొడి రాల్చి తీసుకుని, పొద్దున్నే సగం విచ్చిన పూలలో చిన్న బ్రష్షుతో తిప్పాలి. విసుగు పనే, కాదనను, కానీ పిందె నిలుస్తుంది.

ఇంత తిట్టాక ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. వాసనతో పురుగును రప్పించడం అబద్ధమేమీ కాదు. మామిడి తోటల్లో మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థంతో ఎరలు కట్టేది అందుకే, మగ పండు ఈగలు దానికి ఎగబడి వచ్చి చస్తాయి. లవంగ నూనెలో ఉండే యూజినాల్‌కు అది దగ్గరి చుట్టమే. ఆగ్నేయాసియాలో కొన్ని ఆర్కిడ్లు అదే వాసనతో పండు ఈగల చేత పుప్పొడి మోయించుకుంటాయి కూడా. ఇదంతా వెతికితే కానీ నాకూ తెలియలేదు, నలభై ఏళ్లుగా సీతాఫలాలు తింటూ దాని పువ్వును ఈ వారమే విప్పి చూశాను.

నిన్న రాత్రి బావ మళ్లీ ఫోన్ చేశాడు. సాళ్ల ముచ్చట ఎత్తలేదు. "నూనె ఇంకా అర లీటరు ఉన్నది, ఏం జేయాల్నో చెప్పు" అన్నాడు. పంటి నొప్పికి దాచుకొమ్మన్నాను. ఆ లెక్కన మా రెండిళ్లకూ మూడు తరాలు సరిపోతుంది.