శిక్షలు సరే, బడి సంగతేంటి?
కాంగోలో పిల్లల చేత తుపాకీ పట్టించినవాళ్లకు గట్టి శిక్షలు పడితే ఈ దారుణం ఆగుతుందని ఒక వ్యాసంలో రాశారు. నాకంత నమ్మకం లేదు. 15 ఏళ్లలోపు పిల్లల్ని తన సేనలో చేర్చుకున్నందుకు అక్కడి సాయుధ ముఠా నాయకుడు థామస్ లుబాంగాకు హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2012లోనే 14 ఏళ్ల జైలు వేసింది. ఆ కోర్టు చరిత్రలో మొదటి శిక్ష అదే. 2020లో ఆయన బయటికొచ్చేశాడు కూడా. తూర్పు కాంగోలో సాయుధ ముఠాలు పిల్లల్ని చేర్చుకోవడం మాత్రం ఆగలేదు. అందర్నీ ఎత్తుకెళ్లారనుకోవడం కూడా పొరపాటే. తిండి దొరుకుతుందని, ఊరి మీద దాడి చేసినవాళ్ల మీద కసితో తమంతట తాము వెళ్లినవాళ్లూ ఉన్నారు (పిల్లలు ఇష్టపడి వచ్చారన్న సాకు చెల్లదని కోర్టు చెప్పింది, అది సబబే). దక్షిణాన కొల్వేజిలో ఇంకొందరు పిల్లలు మన ఫోన్ బ్యాటరీల్లోకి వెళ్లే కోబాల్ట్ రాళ్లు ఏరి, కడిగి, బస్తాలు మోస్తున్నారు. కర్నూలు వైపు పత్తి విత్తనాల చేలల్లో పనిచేసి వచ్చిన పిల్లలకు నేను కొన్నాళ్లు బ్రిడ్జి స్కూల్లో (బడికి దూరమైన పిల్లల్ని మళ్లీ మామూలు బడికి సిద్ధం చేసే చోట) చదువు చెప్పాను. పదమూడేళ్ల అమ్మాయిని తీసుకొచ్చి రెండో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో తలెత్తేది కాదు, వారం తిరక్కుండా మానేసేది. కూలి డబ్బులు చేతికందిన పిల్లలకు అఆలు రుచించవు. ఇక తుపాకీ పట్టిన పిల్లాడి సంగతి చెప్పాలా? కాంగో 2019లో ప్రాథమిక విద్య ఉచితం చేసింది, మంచిదే. వయసు దాటిపోయి తిరిగొచ్చినవాళ్లకు విడిగా బడి, చేతికో పని లేకపోతే వాళ్లు మళ్లీ అడవిలోని ఆ ముఠాల దగ్గరికే పోతారు.