‘స్కాన్ నార్మల్, ఇక గ్లవ్స్ తొడుక్కో’ అంటున్న ఆ మెసేజ్ గురించి

మా మహబూబ్‌నగర్‌లో బాక్సింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. నల్గొండలో ఉండే మా బావమరిది కూడా అదే పంపాడు. అందులో ఉన్నది ఇదీ: తలకు దెబ్బ తగిలినా స్పృహ తప్పకపోతే కంకషన్ (దెబ్బ అదురుకు మెదడు పనితీరు చెదరడం) కాదు. హెడ్‌గార్డ్ ఉంటే మెదడుకు ఢోకా లేదు. సీటీ స్కాన్ నార్మల్ అయితే మూడో రోజు నుంచి స్పారింగ్ (తోటివాడితో ప్రాక్టీసు పోరు) చేయొచ్చు. వయసు పిల్లలు తొందరగా కోలుకుంటారు. ఆపేస్తే భయం పట్టుకుంటుంది, దెబ్బలు తింటూ పోతేనే తల గట్టిపడుతుంది. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, ‘పదిమందికి పంపండి’ అని.

నేను డాక్టర్ని కాదు. కుర్రతనంలో కొన్నేళ్లు రింగులో దిగినవాణ్ని, ఇప్పుడు పొద్దున పూట పిల్లలు గుద్దడం నేర్చుకోవడానికి ప్యాడ్స్ పడుతున్నాను. ఈ మెసేజ్‌ని నమ్మేవాణ్నే, మా ఇంట్లో జరగకపోయి ఉంటే.

మా అక్క కొడుక్కి పదహారేళ్లు. స్పారింగ్‌లో ఎడమ హుక్, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు, చెవికి కాస్త పైన తగిలింది. పడలేదు, తూలలేదు. రౌండ్ పూర్తి చేసి దిగాడు. గ్లవ్ పట్టీ పళ్లతో లాక్కుంటూ “మామా, ఎన్ని రౌండ్లయినయ్?” అన్నాడు. మూడు అన్నాను. నీళ్లు తాగి బాటిల్‌కు మూత పెట్టబోయాడు, మర రెండుసార్లు తప్పింది. అప్పుడు మళ్లీ, అదే నవ్వుతో, “ఎన్ని రౌండ్లయినయ్ మామా?”

వాడు స్పృహలోనే ఉన్నాడు. కంకషన్ మాత్రం అయింది. అసలు కంకషన్‌లో స్పృహ తప్పడమే అరుదు, చాలావరకు పదిలో ఒకరికి మించదు. మిగతావాళ్లకు తల దిమ్ముగా ఉండటం, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, ఊరికే చిరాకు పడటం ఇలా బయటపడుతుంది. కొందరికైతే మర్నాటికి గానీ తెలియదు.

స్కాన్ మా అక్క చేయించింది. “మంచిగనే ఉందన్నరు గదరా, ఇంకేంది?” అని నన్నే అడిగింది. ఆమె తప్పేం లేదు, మెసేజ్‌లో అందరూ పట్టుకున్నది ఈ ముక్కనే. సీటీ స్కాన్ చూసేది ఎముక విరిగిందా, లోపల రక్తం కారిందా అని. అవి లేవని తెలిస్తే పెద్ద ప్రమాదం తప్పినట్టే, అందుకు డాక్టర్ అడిగితే స్కాన్ చేయించాల్సిందే. కానీ మామూలు కంకషన్ సీటీలో కనిపించదు. అది మెదడు కణాల పనితీరులో వచ్చే తేడా. దెబ్బ తగిలాక కణాల్లో రసాయనాల సమతూకం చెదిరిపోతుంది. దాన్ని సరిచేసుకోవడానికి మెదడుకు మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. బోర్లున్న ఊళ్లవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు: లో వోల్టేజీలో మోటరు ఆన్ చేస్తే ఏమవుతుందో తెలుసు. బయట నుంచి చూస్తే మోటరు కొత్తదానిలాగే ఉంటుంది. స్కాన్ నార్మల్ అంటే అంతే.

ఆ స్థితిలో మూడో రోజు రింగులోకి పంపితే? మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకోటి తగిలితే మెదడు హఠాత్తుగా వాచిపోయే ప్రమాదం ఉంది. సెకండ్ ఇంపాక్ట్ సిండ్రోమ్ అనే పేరు 1984 నుంచి వాడుకలో ఉంది. అరుదైనదే, అది విడిగా ఒక జబ్బేనా అన్న వాదనా ఉంది. అయితే ఇప్పటిదాకా నమోదైన కేసుల్లో ఎక్కువమంది టీనేజీ పిల్లలు, ఇరవైల మొదట్లో ఉన్నవాళ్లు. ‘వయసు పిల్లలు తొందరగా కోలుకుంటారు’ అన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. నిజానికి పెద్దవాళ్ల కంటే ఈ వయసువాళ్లకే తరచుగా ఎక్కువ రోజులు పడుతుంది.

రక్తం గడ్డకట్టడం వేరే సంగతి. బాక్సింగ్‌లో ప్రాణం పోయే సందర్భాల్లో ఎక్కువగా కారణం మెదడు పైపొర కింద సిరలు తెగి రక్తం చేరడమే. మనిషి కాసేపు మామూలుగా మాట్లాడి, తర్వాత మగతలోకి జారుకోవచ్చు. తలనొప్పి పెరుగుతూ పోతున్నా, వాంతులు ఆగకపోయినా, ఒక కనుపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. పాలమూరైనా నల్గొండైనా హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు. ‘పడుకుంటే తగ్గుద్ది’ అని చూసే టైం మనకు లేదు.

హెడ్‌గార్డ్ మాట. అది పనికిరాదని అనను. కనుబొమ్మ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది, మా దగ్గర అది లేకుండా ఎవర్నీ దిగనివ్వను. కానీ హుక్ తగిలినప్పుడు తల గిర్రున తిరుగుతుంది, పుర్రెలో మెదడు మెలిపడుతుంది. బయట స్పాంజి ఎంత మందంగా ఉన్నా ఆ తిప్పుడు ఆగదు. 2013లో అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ సంఘం సీనియర్ మగవాళ్ల పోటీల్లో హెడ్‌గార్డ్ తీసేసింది, 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్లు అది లేకుండానే ఆడారు. ఆ నిర్ణయం సరైనదో కాదో ఇంకా గొడవే. పారిస్‌లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ మాత్రం పెట్టుకునే ఆడింది, ఆడవాళ్లకు నియమం మారలేదు కాబట్టి.

తల గట్టిపడుతుందట! కండ గట్టిపడుతుంది, పిడికిలి గట్టిపడుతుంది. మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టర్ 1928లోనే ‘పంచ్ డ్రంక్’ బాక్సర్ల గురించి రాశాడు: తాగకుండానే తూలే నడక, ముద్దముద్దగా మాట. నాకౌట్లే కాదు, ఏళ్ల తరబడి పడే చిన్న దెబ్బలూ లెక్కలోకి వస్తాయి, వాటిలో ఎక్కువ పడేది స్పారింగ్‌లోనే. బాక్సర్ ముహమ్మద్ అలీని చూపించి భయపెట్టే మెసేజ్‌లూ ఉన్నాయి, వాటినీ ఫార్వర్డ్ చేయకండి. ఆయనకు 1984లో పార్కిన్సన్స్ అని చెప్పారు, దానికి దెబ్బలే కారణమా అన్నది తేలలేదు.

మెసేజ్‌లో సగం నిజం ఒకటుంది: పూర్తిగా ఆపేయడం మంచిది కాదు. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతి పోయింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని ఖరారు చేసిన పద్ధతిలో ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత నడక, తేలికపాటి పని. మొత్తం ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. లక్షణాలు బాగా పెరిగితే ఆ రోజుకు ఆపాలి. స్పారింగ్ ఐదో మెట్టు, అది కూడా లక్షణాలన్నీ పోయి డాక్టర్ సరేనన్నాకే. తలదెబ్బతో నాకౌట్ అయిన అమెచ్యూర్ బాక్సర్‌కు కనీసం 30 రోజులు పోటీ, స్పారింగ్ రెండూ బంద్ అన్న నియమం వేరే ఉంది. మావాడు నాకౌట్ కాలేదు, అయినా మేం అదే లెక్క పెట్టుకున్నాం.

పదకొండో రోజు స్కిప్పింగ్ మొదలుపెట్టాడు. “నొప్పి లేదు మామా” అంటూనే కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. మళ్లీ నడకకు దించాం. నిన్నటికి 26 రోజులు, షాడో బాక్సింగ్ (ఎదురు మనిషి లేకుండా గాల్లో గుద్దులు) దాకా వచ్చాడు. గ్లవ్స్ మా అక్క బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నాకు కూడా ఇవ్వలేదు.